ఎస్ అంటే ఎడమ

వీర్రాజు పొద్దున్నే చేసే మొదటి పని, రెండు గదులకూ మధ్య వేలాడే కర్టెన్ ఇవతల నిలబడి దగ్గడం. ఆ దగ్గు వినగానే అవతల నులకమంచం కిర్రుమంటుంది. మంగాయమ్మ లేచి, కొంగు తలమీదికి లాక్కుని, గోడకి చెయ్యి ఆనించి నిలబడుతుంది.

"కుడికి రండి అత్తయ్యగారూ. ఇంకో అడుగు. చాలు. ఇప్పుడు ఎడమకి. గడపుంది, చూసు... కాలెత్తండి."

'చూసుకోండి' అనబోయి రోజూ మధ్యలో ఆపేస్తాడు. ఆవిడకి కనిపించదు. డెబ్భై ఆరేళ్ళు. వెలుగేదో నీడేదో తెలిసేంత చూపు తప్ప రెండు కళ్ళలోనూ ఏమీ మిగల్లేదు.

చెయ్యి పట్టుకుంటే క్షణంలో అయిపోయే పని అది. కానీ మంగాయమ్మ పుట్టి పెరిగిన గోదావరి జిల్లా ఇంట్లో అత్తగారు అల్లుడి కంటపడటమే లేదు. తలుపు చాటు నుంచే మాట, తలుపు చాటు నుంచే మర్యాద. కూర్మన్నపాలెంలో ఈ రెండు గదుల వాటాకి మధ్య తలుపు కూడా లేదు కాబట్టి కర్టెన్ కట్టుకున్నారు. కూతురు కనకరత్నం బతికున్నప్పుడు తల్లిని చెయ్యి పట్టుకుని తిప్పేది. కనకరత్నం పోయి మూడేళ్ళయింది. మిగిలినవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, నాలుగు దిక్కుల పేర్లు చెప్పుకుంటూ బతుకుతున్నారు.

ఆవిడకి అన్నం, కూర, మజ్జిగ గిన్నెల్లో సర్ది, ఏ గిన్నె ఎటుందో రెండుసార్లు చెప్పి, వీర్రాజు బస్సెక్కుతాడు. సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ కర్టెన్ ఇవతల దగ్గుతాడు. రాత్రి రెండుసార్లు ఆవిడ లేస్తుంది, రెండుసార్లూ లేస్తాడు. ఇదీ ఏర్పాటు. ఇది పేకమేడ; ఇందులో ఒక్క పేక కదిపినా మొత్తం కూలుతుందని ఇద్దరికీ తెలుసు.

ఆ పేక తొంభై తొమ్మిది అక్టోబరులో కదిలింది.

*

పోర్టు గేటుకి ఎదురుగా, పాత రాతి మేడ పైఅంతస్తులో ఓడల ఏజెన్సీ ఆఫీసు. కిటికీ తీస్తే ఇనప ఖనిజం ధూళి ఎర్రగా లోపలికొచ్చి కాగితాల మీదా, కాలర్ల మీదా, ఒక్కోసారి టీ మీదా వాలుతుంది. అందులో ముగ్గురు టైపిస్టులు: వీర్రాజు, ఎల్లారావు, జగ్గయ్య. ముగ్గురూ పన్నెండేళ్ళుగా ఒకే రకం కంప్యూటర్ల మీద పనిచేస్తున్నారు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. అందులో డాస్ అనే వ్యవస్థ, దాని మీద వర్డ్‌స్టార్. బొమ్మలు లేవు, బొత్తాలు లేవు. ఏమీ చూపించదు, తెలిసినవాడికే పలుకుతుంది.

వీర్రాజుకి బాగా పలికేది. ఎడమ చిటికెన వేలు కంట్రోల్ మీట మీద ఆనించి, ఇ నొక్కితే పైకి. ఎక్స్ నొక్కితే కిందికి. ఎస్ అంటే ఎడమ. డి అంటే కుడి. కీబోర్డు మీద ఆ నాలుగక్షరాలూ నాలుగు దిక్కుల్లో పేర్చినట్టే ఉంటాయి. వై నొక్కితే తప్పు పడిన వరస మొత్తం మాయం. కళ్ళు కాగితం మీద, మనసు ఇంటి మీద, వేళ్ళు వాటి పని మీద. మూడూ మూడు చోట్ల ఉన్నా ఉత్తరం మాత్రం తప్పు లేకుండా తయారయ్యేది.

రెండువేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తారీఖు మర్చిపోతాయని హెడ్డాఫీసుకి ఎవరో చెప్పారు. కొత్తవి వచ్చాయి. వాటిలో విండోస్. వాటితోపాటే మేనేజరు కొండలరావు సంతకంతో ఒక సర్క్యులరు కూడా వచ్చింది. నవంబరు ఇరవయ్యో తేదీన పరీక్ష. నలభై నిమిషాల్లో రెండు పేజీల ఉత్తరం కొత్త మెషిన్ మీద కొట్టి ప్రింటు తియ్యాలి. తియ్యలేనివారిని స్టాక్‌యార్డు దగ్గర కాటాకి వేస్తారు.

కాటా అంటే లారీలు తూచే చోటు. మూడు షిఫ్టులు. వీర్రాజు కుర్రతనంలో ఎనిమిది నెలలు అక్కడ పనిచేశాడు. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలే రేకుల గది. బయట లారీ నిలబడితే తలుపు తెరుచుకోదు. వెనక ఇంకో లారీ, దాని వెనక ఇంకోటి. ఉచ్చకి పోవాలన్నా లారీవాడు కదిలేదాకా ఆగాలి. ఆ గదిలో ఊపిరి ఎలా ఉండేదో ఇప్పటికీ ఒంటికి గుర్తుంది.

అయినా అది కాదు భయం. రాత్రి షిఫ్టు పడితే మంగాయమ్మని ఎవరు లేపుతారు? ఆవిడకి సామర్లకోటలో కొడుకు పోలిరాజు ఉన్నాడు. కిందటి వేసవిలో పది రోజులుంటుందని పంపితే, వాళ్ళు ఆవిడ మంచం వరండాలో, సైకిలు పక్కన వేశారు. వీర్రాజు చూడటానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఆ మంచం మీదే కూర్చుని ఉంది. సైకిలు చక్రం మీద చెయ్యి వేసి, "ఇదుంది కదండీ అల్లుడుగారూ, దిక్కు తెలుస్తుంది" అంది. ఆ సాయంత్రం బస్సుకే తీసుకొచ్చేశాడు.

సర్క్యులరు మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఎల్లారావు కలం మూతపెట్టి, "బావా, మనకి పెళ్ళీడు దాటిపోయాక కొత్త సంబంధం తెచ్చినట్టుంది" అన్నాడు.

*

కొత్త మెషిన్ నేర్పడానికి రోహిత్ అనే ట్రైనరు వారానికి మూడు రోజులు వచ్చేవాడు. మంచివాడే. కానీ "సింపుల్ అండీ" అనే మాట లేకుండా ఏదీ చెప్పలేడు.

మొదటి రోజు వీర్రాజు ఒక వరస కొట్టి, పైకి వెళ్దామని కంట్రోల్ ఇ నొక్కాడు. వరస మొత్తం జరిగి పేజీ నడిమధ్యన నిలబడింది. కుడికని డి నొక్కాడు. ఏ రకం అక్షరాలు కావాలో చెప్పమంటూ ఒక పెట్టె ఊడిపడింది. కిందికని ఎక్స్ నొక్కాడు. ఏమీ జరగలేదు, దానికింకా భయం వేసింది. తప్పు వరస చెరిపేద్దామని వై నొక్కాడు. ఆ తప్పు వరస చెరగలేదు సరికదా, దాని పక్కనే అదే తప్పు ఇంకోసారి వచ్చి కూర్చుంది. మళ్ళీ నొక్కాడు. మూడోది వచ్చింది.

"అయ్యయ్యో, అలా కాదండీ. ఇందులో కంట్రోల్ వై అంటే చేసిందే మళ్ళీ చెయ్యమని. సింపుల్ అండీ" అన్నాడు రోహిత్.

ఎల్లారావు కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. "సెరిపేత్తాదనుకుంటే పిల్లల్ని పెట్టేత్తంది! బావా, నువ్వు ఎల్లాల్సిన ఇంటికి ఎల్లకుండా పక్కింటి గేదిని ఇప్పీసినట్టుంది."

వీర్రాజు నవ్వలేకపోయాడు. వేళ్ళు తనవే. తెరే తనది కాదు. ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న ఇంట్లో ఎవరో తలుపుల స్థానాలు మార్చేసినట్టుంది; వంటింట్లోకని నడిస్తే గోడ, గోడని ఆనుకుందామంటే గుంట.

ఎస్ సంగతి వేరు. ఎడమకి వెళ్దామని ఎస్ నొక్కితే విండోస్ ఎటూ వెళ్ళేది కాదు. అప్పటిదాకా కొట్టినదాన్ని లోపల దాచేసేది. సేవ్. అక్షరం అక్షరానికీ వెనక్కి చూసుకునే అలవాటున్న మనిషి కాబట్టి వీర్రాజు వేలు పేజీకి నలభై సార్లు ఎస్ మీద పడేది, మెషిన్ నలభై సార్లు గురగురమని దాచేది.

"అన్నిసార్లు సేవ్ ఎందుకండీ? చివర్లో ఒక్కసారి చాలు. టైమ్ వేస్టు" అనేవాడు రోహిత్.

"సేవ్ చెయ్యాలని కాదు బాబూ" అని ఊరుకునేవాడు వీర్రాజు. ఎడమకి పోదామని, అని చెప్పడానికి సిగ్గేసేది.

ఇక మౌస్. ఎల్లారావు దానికి ఎలక అనే పేరు ఖాయం చేశాడు. దాని కడుపులో గోళీకి ఎర్రధూళి పట్టి, అటు తోస్తే ఇటు పోయేది. రోజూ మధ్యాహ్నం జగ్గయ్య మూడు ఎలకల్నీ తిరగేసి, గోళీలు తీసి, పంచెకి తుడిచి పెట్టేవాడు. ఆ ధూళికి తెర మీద బాణం గుర్తు వణుకుతూ పోతుంటే, వీర్రాజు ఊపిరి బిగబట్టి దాని వెనకే పోయేవాడు.

*

పాత ఊళ్ళో, కోట వీధి మలుపులో, షరీఫున్నీసా జాబ్ టైపింగ్ షాపుంది. పెళ్ళికార్డులు, కరపత్రాలు, అర్జీలు. షరీఫున్నీసాకి నలభై అయిదేళ్ళు. ఆమె తండ్రి మౌలాలి మాస్టారి దగ్గరే వీర్రాజు టైపు నేర్చుకున్నది. మాస్టారు మీటల మీద తువ్వాలు కప్పి, "కళ్ళతో కాదు నాయనా, వేళ్ళతో చూడు" అనేవారు. వీర్రాజు మధ్యాహ్నం భోజనం పది నిమిషాల్లో ముగించి, మిగిలిన టైములో ఆ షాపుకి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. నేర్పినందుకు ఆమె ఏమీ తీసుకోలేదు. పెళ్ళికార్డుల్లో తప్పులు దిద్దిపెట్టమంది, అంతే. ఆ రోజుల్లో కోట వీధిలో అచ్చయిన శుభలేఖల్లో ఒత్తులు సరిగ్గా ఉండేవి.

షాపులో మూడు మెషిన్లు వరసగా ఉన్నాయి.

"రండి భాయీ, మూడిళ్ళు సూపిత్తాను" అంది మొదటి రోజు. "ఇది మీ పాత చుట్టం, డాసు. నల్ల తెర. మాటాడదు, నవ్వదు. మీరు సెప్పింది సేత్తాది. ఇది విండోసు. సామానంతా గుమ్మంలో పరిసేసి, ఏటి కావాల, ఏటి కావాల అంటాది. ఇంక ఇది మెకింటాషు, పేపరాఫీసోళ్ళు తీసేత్తే తెచ్చాను. ఇది నవాబుగారు. మనం తప్పు సేత్తే సిన్నగా గంట కొడతాది, అంతే. తిట్టదు."

వీర్రాజు ఆ నవాబుగారి ముందు వంగి చూశాడు. కంట్రోల్ పక్కనే, కొరికిన యాపిల్ బొమ్మతో ఒక మీట. "ఇదేమిటమ్మా?"

"దీంట్లో పనంతా దాంతోనే. మీరు అక్కడ కంట్రోలు నొక్కే సోట ఇక్కడ యాపిల్ నొక్కాల. అచ్చరాలు మాత్రం అవే. ఎస్ అంటే దాచు, జెడ్ అంటే సేసింది ఎనక్కి తీసుకో. కానీ సూడండి, కిటికీ మూసే గడి దీంట్లో ఎడం పక్క మూల, విండోసులో కుడి పక్క మూల. పొద్దున్న దీని మీద పన్జేసి మద్యాన్నం దాని మీదకి ఎల్తే, నా సెయ్యి ఎడం మూలకే పోతాది. అక్కడ నొక్కితే ఇంకేదో పేర్ల చీటీ కిందకి జారతాది. తోబా!"

"మరెలా అలవాటు చేసుకున్నావు?"

"సేసుకోలేదు భాయీ." ఆమె నవ్వి కాళ్ళ వైపు చూపించింది. "కుర్చీలు సూడండి."

ఒక మెషిన్ ముందు ఇనప కుర్చీ, ఇంకోదాని ముందు చెక్క స్టూలు, మూడోదాని ముందు ప్లాస్టిక్ కుర్చీ.

"కూకోగానే ఏ ఇంట్లో ఉన్నానో నడుముకి తెలుస్తాది. సేతులు నడుము మాట ఇంటాయి. బుర్ర మాట ఇనవు."

మర్నాటి నుంచి వీర్రాజు ఆఫీసులో కొత్త మెషిన్ ముందు కూర్చునే ముందు, కుర్చీ మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి వేసుకునేవాడు. అది విండోస్ తువ్వాలు. పాత మెషిన్ దగ్గర తువ్వాలు లేదు.

"ఏటి బావా, మూలసంకా?" అని అడిగాడు ఎల్లారావు.

"అదే అనుకో" అన్నాడు వీర్రాజు.

షాపులో ఇంకో సంగతి కూడా బయటపడింది. మౌస్ ముట్టుకోకుండానే విండోస్‌లో పని నడుస్తుంది. ఆల్ట్ మీట తడితే పైన ఉన్న పేర్లు మేలుకుంటాయి. ఫైల్ అన్న మాటలో ఎఫ్ కింద సన్నటి గీత ఉంది. ఆ గీత ఉన్న అక్షరం నొక్కితే చాలు, ఆ తలుపు తెరుచుకుంటుంది. రెండు వారాలుగా ఆ గీత కళ్ళెదుటే ఉంది, ఎవరూ చెప్పలేదు, తనూ చూడలేదు. తెలియనివాడి కోసం ఎవరో ఎక్కడో కూర్చుని ప్రతి మాట కిందా ఓపిగ్గా ఒక గీత గీసిపెట్టారు. ఆ రోజు ఆఫీసుకి తిరిగి నడుస్తుంటే ఎండ కూడా అంత బాధించలేదు.

ఇంకోరోజు షాపులో, ఫైలుకి పేరు పెట్టడం దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయాడు. పాత మెషిన్ ఎనిమిదక్షరాలకి మించి పేరు ఒప్పుకునేది కాదు. తన పేరు ఇంగ్లీషులో కొడితే సరిగ్గా ఎనిమిదే. చాలా ఏళ్ళ క్రితం కనకరత్నం ఆఫీసుకొచ్చి, "నా పేరూ ఎక్కించండి" అంటే, 'కనకర' దగ్గరే ఆగిపోయింది. "నన్ను సగంలో ఆపేసిందండీ మీ మెషిన్" అని నవ్వింది. ఇప్పుడు విండోస్ పేరు అడుగుతోంది. వీర్రాజు ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. పన్నెండూ పట్టాయి. ఇంకా చోటుంది.

షరీఫున్నీసా తెర వైపు చూసి, లేచి వెళ్ళి టీ చెప్పింది.

మూడు వారాల్లో ఇ, ఎక్స్, డి అలవాట్లు వదిలిపోయాయి. వాటి చోట బాణం మీటలు వచ్చాయి. వై సగం వదిలింది. ఎస్ వదల్లేదు. ఎన్నిసార్లు అనుకున్నా ఎడమకి వెళ్ళాల్సొచ్చేసరికి వేలు ఎస్ మీదే పడుతుంది, పడ్డాక బాణం మీట గుర్తొస్తుంది.

"దాన్ని ఒగ్గీండి భాయీ" అంది షరీఫున్నీసా. "దాచిందే మళ్ళీ దాచుకుంటారు, ఏం పోయింది? దానివల్ల ఏదీ సెడిపోదు. ఆ వై సంగతి సూసుకోండి ముందు. అది ముంచుతాది."

*

ఇంట్లో వీర్రాజు ఏమీ చెప్పలేదు. కానీ సాయంత్రాలు అట్టముక్క మీద మీటల బొమ్మ గీసుకుని, దాని మీద వేళ్ళు ఆడిస్తూ గొణుక్కునేవాడు. కర్టెన్‌కి చెవులున్నాయి.

"ఏవండీ అల్లుడుగారూ, ఎస్ అంటే ఏవిటండీ?" అని అడిగింది ఒకరోజు మంగాయమ్మ.

"ఎడమండీ. అంటే, ఇదివరకు ఎడమ. ఇప్పుడు దాచుకోవడం."

"మంచిదే కదండీ మరి."

"మంచిదే. కానీ పరీక్షలో ఎడమకి పోవాలి."

 పక్క వాటావాళ్ళు ఆవిడకి కాటా సంగతి, షిఫ్టుల సంగతి చెప్పేశారని వీర్రాజుకి తర్వాత తెలిసింది. ఎలాగంటే, ఒక పొద్దున కర్టెన్ పక్కకి తొలగినప్పుడు ఆవిడ మంచం కోడుకి ఒక గుడ్డ సంచి తగిలించి ఉంది. లోపల రెండు చీరలు, కంట్లో వేసుకునే మందుసీసా, దువ్వెన. మూతి తాడుతో కట్టేసి ఉంది. ప్రయాణానికి సిద్ధంగా ఉన్న సంచి అది. ఆ రోజు నుంచి ఆవిడ మందు కావాల్సినప్పుడల్లా ముడి విప్పి, వేసుకుని, మళ్ళీ ముడి వేసేది. ఆ ముడి చప్పుడు లేనిదే అయినా వీర్రాజుకి వినబడేది.

*

నవంబరు ఇరవై శనివారం. పది గంటలకి ముగ్గురూ కూర్చున్నారు. కొండలరావు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. రోహిత్ ముందే మూడు మెషిన్లూ సరిచూశాడు. దానంతట అది దాచుకునే ఏర్పాటు ఉంటే పరీక్ష కాదని ఆ సదుపాయం తీసేశాడు.

"మొదలెట్టండి" అన్నాడు కొండలరావు.

వీర్రాజు తువ్వాలు సర్దుకుని, ముందు ఫైలుకి పేరు పెట్టాడు. అది పాత మెషిన్ నేర్పిన పద్ధతి. పేరు చెప్పందే అది కాగితం ఇచ్చేది కాదు. విండోస్ పేరు లేకుండానే రాయనిస్తుంది. పేరు పెట్టకుండా ఎవరైనా రాయడం మొదలెడతారా అని ఆయనకి ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎనిమిదక్షరాలు కొట్టి పనిలో పడ్డాడు.

మొదటి పేజీ బాగానే నడిచింది. వేలు ఎస్ మీద పడుతూనే ఉంది. పడినప్పుడల్లా పెట్టె లోపల గురగుర. అది వినబడినప్పుడల్లా 'టైమ్ వేస్టు' అన్న మాట గుర్తొచ్చి చెవులు వేడెక్కేవి.

ఇరవై అయిదో నిమిషంలో ఓడ వచ్చే తేదీ ఉన్న వరస తప్పు పడింది. చెరిపేయాలి. ఆలోచించేలోపే వేలు వై మీద పడింది.

వరస రెండయింది.

వీర్రాజు చేతులు ఎత్తేశాడు. తెర మీద అదే తప్పు రెండుసార్లు. గది చిన్నదైపోయినట్టుంది. ముందు లారీ, వెనక లారీ, తలుపు తెరుచుకోదు. ఎర్రధూళి గొంతులోకి దిగుతోంది. పక్కన ఎల్లారావు మీటలు టకటకమంటున్నాయి. మంగాయమ్మ సంచి మూతికి ఉన్న తాడు ముడి కళ్ళలో మెదిలింది. ఇంకోసారి వై నొక్కాలని వేలు లాగుతోంది. పన్నెండేళ్ళు చెరిపిన మీట అది, ఈసారైనా చెరుపుతుందేమోనని.

తువ్వాలు మీద కాస్త కదిలి కూర్చున్నాడు. నడుముకి మడత తగిలింది. ఇది ఆ ఇల్లు కాదు. జెడ్. చేసింది వెనక్కి.

నొక్కాడు. రెండో వరస పోయింది. ఇంకోసారి నొక్కాడు. మొదటిదీ పోయింది. శుభ్రంగా ఖాళీ. పోగొట్టుకున్నదాన్ని తిరిగివ్వలేకపోయినా, చేసిన తప్పునైనా వెనక్కి తీసుకునే మీట ఒకటుంది. ఆయన తేదీ సరిగ్గా కొట్టాడు. తర్వాతి వరస. తర్వాతి వరస. ఎడమకి. గురగుర.

ముప్పై మూడో నిమిషంలో ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. మూడు తెరలూ ఒక్కసారి చిన్న చుక్కలై ఆరిపోయాయి.

కరెంటు పోయింది. హెడ్డాఫీసు నుంచి రావాల్సిన యూపీఎస్‌లు ఇంకా దారిలోనే ఉన్నాయి.

"ఓలమ్మో! పోనాది! అంతా పోనాది!" అని ఎల్లారావు లేచి నిలబడిపోయాడు. "ఇంక నాలుగంటే నాలుగు లైన్లే ఉన్నాయి సార్!"

జగ్గయ్య ఆరిన తెరనే చూస్తూ, "నాకు రెండో పేజీ సగం" అన్నాడు మెల్లిగా.

"సేవ్ చేశారా?" అని అడిగాడు రోహిత్.

"సివర్లో ఒక్కసారి సాలన్నారు కదా మీరు" అన్నాడు ఎల్లారావు. రోహిత్ కిటికీ వైపు తిరిగాడు.

వీర్రాజు మీటల మీంచి చేతులు తియ్యలేదు. తను కదిలితే అదృష్టం కదిలిపోతుందేమోనని అలాగే కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకి కరెంటొచ్చింది. మెషిన్ వెంటనే లోపలికి రానివ్వలేదు. తనని సరిగ్గా మూయకుండా వెళ్ళిపోయారని, ఏమైనా చెడిందేమో చూసుకుంటున్నానని నీలం తెర మీద చెప్పి, పసుపు గీతని చీమలా నడిపించింది. నలుగురూ వచ్చి ఆయన వెనక నిలబడ్డారు. ఆ గీత నడిచినంతసేపూ వీర్రాజు కాటా గదిలోనే ఉన్నాడు.

చివరికి తెర తెరుచుకుంది. ఎనిమిదక్షరాల పేరు. ఎంటర్ కొట్టాడు.

మొదటి పేజీ ఉంది. రెండో పేజీ ఉంది. తేదీ వరస ఒక్కటే ఉంది, సరిగ్గా. చివరి వరసలో నాలుగు మాటలు తప్ప అంతా ఉంది.

"ఎన్నిసార్లు సేవ్ చేశారండీ మీరు?" అన్నాడు కొండలరావు. "వీర్రాజు గారూ, కరెంటు పోతుందని ముందే ఊహించారా?"

అవునంటే సరిపోయేది. ఆయన అనలేకపోయాడు.

"లేదు సార్. పాతదాంట్లో ఎస్ అంటే ఎడమ. నేను ఎడమకి వెళ్దామనుకున్నాను. అలవాటు పోలేదు."

కొండలరావు ఒక్క క్షణం ఆయన్ని చూశాడు. తర్వాత గడియారం తీసి చేతికి పెట్టుకున్నాడు. "మీకింకా ఏడు నిమిషాలున్నాయి. పూర్తి చేసి ప్రింటు తియ్యండి. ఆ అలవాటు పోగొట్టుకోకండి." మిగతా ఇద్దరి వైపు తిరిగి, "మీరు రెండు గంటలకి మళ్ళీ మొదట్నించి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం జగ్గయ్య మౌస్ గోళీలు తుడవలేదు. ఎల్లారావు వీర్రాజు పక్కకొచ్చి, గొంతు తగ్గించి, "బావా, ఆ ఎడమేదో నాకూ సెప్పు" అన్నాడు. రెండు గంటలకి కూర్చున్నాక వరస వరసకీ పైకే అన్నాడు, "ఎడమ!" అని. గురగుర. "ఎడమ!" కొండలరావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎల్లారావు గట్టెక్కాడు.

జగ్గయ్య ఎక్కలేదు. పొద్దున పోయిన పేజీ మీద నుంచి ఆయన మనసు లేవలేదు. నలభై నిమిషాలయ్యేసరికి రెండో పేజీ సగంలో ఉంది, పొద్దున ఉన్న చోటే.

"నాకేటి, ఇంట్లో ఇద్దరు కోడళ్ళు" అన్నాడు లేస్తూ. "రాత్రిళ్ళు కాటాయే నయం. నిద్రన్నా పడతాది." అందరూ నవ్వారు. ఆయన మూడు ఎలకల్నీ తిరగేసి, గోళీలు పంచెకి తుడిచి, ఎప్పటిలాగే వాటి చోట్లో పెట్టి వెళ్ళాడు. వీర్రాజుకి తన తువ్వాలు మడత విప్పడానికి చాలాసేపు పట్టింది.

*

కూర్మన్నపాలెంలో బస్సు దిగేసరికి అక్కడ కరెంటు లేదు. ఆరున్నరకే చీకటి దట్టంగా ఉంది. వీర్రాజు తలుపు తోసి లోపలికి అడుగుపెట్టాడు. ముందు గదిలో ఏదీ కనిపించలేదు. అగ్గిపెట్టె ఎక్కడో వంటగట్టు మీద ఉంది. రెండడుగులు వేసి ఆగాడు. దగ్గాడు.

అవతల మంచం కిర్రుమంది. "వచ్చారా అండీ?"

"వచ్చానండీ. కరెంటు లేదు."

"లేదాండీ? నాకేం తెలుస్తుంది" అంది మంగాయమ్మ. ఆ గొంతులో చిన్న నవ్వుంది.

"ఆఫీసులో... నా సీటు నాకే ఉంచారండీ అత్తయ్యగారూ. షిఫ్టుల్లేవు."

 అవతల నుంచి తాడు ముడి విప్పుతున్న అలికిడి. ఒకటి, రెండు చీరలు పెట్టెలోకి వెళ్ళిన మెత్తటి చప్పుడు. మందుసీసా గూట్లో పెట్టిన టిక్కుమన్న శబ్దం.

వీర్రాజు వంటగట్టు వైపు అడుగు వేశాడు. మోకాలికి ఏదో తగిలింది.

"అక్కడ స్టూలుందండీ. పొద్దున మీరే జరిపారు" అంది ఆవిడ. "కదలకండి. కుడికి రండి. ఇంకో అడుగు. చాలు."

ఆయన కుడికి వచ్చి ఆగాడు.

"ఇప్పుడు ఎడమకి" అంది మంగాయమ్మ కర్టెన్ చాటు నుంచి. "ఇంకాస్త ఎడమకండీ. అక్కడే, చెయ్యి చాపండి."

చాపాడు. అగ్గిపెట్టె ఆవిడ చెప్పిన చోటే ఉంది. వెంటనే వెలిగించలేదు.